బేటరీ దీపం కథ



జీడిపిక్కలు రాలే రోజుల్లో వజ్రపుకొత్తూరు పక్క ఏ ఊరికైనా మునిమాపు వేళ వెళ్లి చూడండి. తువ్వాలు తలకు చుట్టుకొని, చేతికర్ర పట్టుకొని, తోటకాపలాకు బయలుదేరిన మనిషి గుమ్మంలో నిలబడి లోపలికి కేక వేస్తాడు. "ఒలే, బేటరీ ఏదే?" లోపలినుంచి జవాబు వస్తుంది: "గూట్లో ఉన్నాది. పిల్లడు పొద్దుట్నుంచీ నొక్కి నొక్కి ఆడీసినాడు, ఎలుగుతాదో లేదో సూసుకో!"

మన పక్క మాటలో వెలుగూ ఎలుగే, ఎలుగుబంటీ ఎలుగే. ఈ రెండు ఎలుగుల్లో ఏది ముందు ఎదురవుతుందన్నది ఉద్దానం రైతుకు రాత్రిపూట నవ్వులాట సంగతి కాదు. అందుచేత ఈ పూట బేటరీ దీపం, అంటే టార్చి లైటు, ఎక్కడ పుట్టి మన గూట్లోకి ఎలా వచ్చినదీ, ఎటువంటిదాన్ని నమ్మి చీకట్లోకి పోవచ్చునో ముచ్చటించుకుందాము. కథ ముందు, ఎంపిక తరువాత. ఎందుకంటే ఈ దీపం నూరేళ్లకు పైగా ఏయే చోట్ల మనుష్యులను మోసగించిందో తెలిస్తే, దుకాణంలో దేన్ని పరీక్షించాలో దానంతటదే తెలుస్తుంది.

కుర్రవాళ్లు కొందరు "వేటకు ఏ లైటు మంచిది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకూ జవాబు చెబుతాను. కాని అది వారు ఎదురుచూసే జవాబు కాకపోవచ్చు.

మన తాతముత్తాతల కాలంలో చీకట్లో దారి చూపినది కాగడా. కర్రకు పాతగుడ్డలు చుట్టి, ఆముదమో, ఇప్పనూనో, కానుగనూనో, సముద్రపు ఒడ్డు ఊళ్లలోనైతే పున్ననూనో పోసి వెలిగించేవారు. కాగడాకు ఒక గుణం వున్నది. దాన్ని చూస్తే అడవి మృగం వెనుకంజ వేస్తుంది. ఒక దోషమూ వున్నది. ఎండుటాకు నిండిన జీడితోటలో నిప్పు తీసికొనిపోవడం తోటకు కొరివి పెట్టడమే. పైగా పట్టుకొన్నవాని కళ్లకే మంట అడ్డుపడి పది అడుగుల అవతల ఏమున్నదో కనిపించదు.

కిరసనాయిలు విరివిగా రావడం పందొమ్మిదో శతాబ్దం చివరి మాట. 1893 మొదలు 1896 దాకా బెజవాడ నుంచి కటకం వైపు తూర్పుకోస్తా రైలుమార్గం పడినది. నౌపడ, పూండి, పలాస మీదుగా బండ్లు నడిచిన తరువాత నూనె డబ్బాలు లోపలి ఊళ్లకు చేరడం సులువయింది. మొదట వచ్చినది గుడ్డిదీపం. సీసా మూతకు చిల్లి పొడిచి, వత్తి దూర్చితే అదే దీపం. సముద్రపు గాలికి అది గుమ్మం దాటదు. ఆ గాలికి ఆగినది లాంతరు. అమెరికాలో జాన్ ఇర్విన్ అనే ఆయన 1868లో ఒకటి, 1873లో మరొకటి, రెండు పద్ధతులు కనిపెట్టాడు. లాంతరుకు రెండు పక్కలా గొట్టాలుంటాయి చూశారా, అవి పట్టుకోవడానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు. కాదు. వత్తికి కావలసిన గాలి ఆ గొట్టాలద్వారా నెమ్మదిగా దిగుతుంది. బయట ఎంత ఈదురుగాలి కొట్టినా మంట మీద నేరుగా పడదు. తుపాను గాలికి కూడ ఆరదని దానికి హరికేన్ అని పేరు పెట్టారు.

లాంతరు మంచిదే. కాని రైతుకు అది చేసే అపకారం ఒకటున్నది. లాంతరు తన చుట్టూ వెలుగు పోస్తుంది. మనిషి వెలుగులో వుంటాడు, ఎదుటనున్న జంతువు చీకటిలో వుంటుంది. మీరు దానికి కనిపిస్తారు, అది మీకు కనిపించదు. వెలుగు ఎంత వున్నదన్నది ఒక లెక్క, ఆ వెలుగు ఎటు పోతున్నదన్నది మరొక లెక్క. ఈ రెండో లెక్కను మరచిపోకండి, చివర మళ్లీ వస్తుంది.

పెళ్లిళ్లకు, నాటకాలకు వాడే పెట్రోమాక్సు లైటు సంగతి కూడ ఒక ముక్క చెప్పాలి. అది 1910లో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ కంపెనీ తీసికొనివచ్చినది. దానిలో తెల్లగా మెరిసేది మంట కాదు, మేంటిలు. ఆ మేంటిలుకు వేసే థోరియం మోనజైటు అనే ఖనిజం నుంచి వస్తుంది. ఆ రాయి కోసం జర్మనీవాళ్లు తిరువాన్కూరు ఒడ్డుకు వచ్చి పడ్డారు, అక్కడ 1909లో దొరికింది. తరువాతి కాలంలో మన భావనపాడు, కళింగపట్నం ఒడ్డు ఇసుకలో కూడ మోనజైటు వున్నదని తేలినది. మన కాలికింద వున్నదే ఎక్కడో వెలుగై తిరిగి మనకు అమ్ముడుపోయే సరుకుగా రావడం ఈ కథలో మళ్లీ ఒకసారి చూస్తాము.

ఇక వేట. మందస, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీల కాలంలో అడవి జమీందారుది. షికారు వారి వేడుక. రైతుకు అడవిలో పుల్ల విరిచే హక్కుకూడ తగవులోనే వుండేది. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, మందస దగ్గరి గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగి వీరగున్నమ్మ ప్రాణం విడిచినది. ఆ తగవు అడవి కలప గురించినదే. కనుక మన పక్క రైతు వేట అంటే, దొరల షికారు పద్ధతిది కాదు. పంట తినే పందిని తరమడం, తోటలోకి వచ్చిన ఎలుగును డప్పు కొట్టి కొండకు పంపడం. కొండమీది సవరలు విల్లంబులతో పగటిపూట పోయేవారు. రాత్రివేటకు కావలసింది వెన్నెల. మంచె కట్టి, వెన్నెల రాత్రులు చూసుకొని కూర్చునేవారు. తుపాకి మొన చీకట్లో కనిపించడానికి కాస్త తెల్ల దూది అంటించుకొనేవారు. మబ్బు పట్టిందంటే ఆ రాత్రి పని పోయినట్టే.

తరువాత కార్బైడు దీపం వచ్చింది. కార్బైడు గడ్డపై చుక్కచుక్కగా నీరు పడితే గేసు పుడుతుంది, ఆ గేసు వెలిగితే తెల్లని మంట. గని కూలీలు, వేటగాళ్లు దాన్ని నుదుటికి కట్టుకొనేవారు. ఈ కార్బైడే కొందరు వ్యాపారులు మామిడి మగ్గబెట్టడానికి వాడి, చట్టం చేత నిషేధింపబడిన కార్బైడు. ఆ పేరును కొంచెం గుర్తుంచుకోండి.

బేటరీ దీపం పుట్టాలంటే ఒలకని బేటరీ కావాలి. పూర్వపు విద్యుద్ఘటాలు గాజుసీసాలలో ద్రావకం పోసినవి. వాటిని చేతబట్టి తోటకు పోవడం కుదరదు. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ అనే వైద్యుడు ఆ ద్రావకాన్ని ముద్దలాగా చేసి తుత్తునాగం డబ్బాలో బిగించాడు. ఈనాటికీ మీరు విప్పిచూసే పాత బేటరీ అదే. పైడబ్బా తుత్తునాగం, నడుమ నల్లని బొగ్గుకడ్డీ, చుట్టూ మాంగనీసు డయాక్సైడు పొడి. (మాంగనీసు అన్నప్పుడు ఒక మాట. మన పొరుగున కోడూరు, గర్భాం వైపు 1890లనుంచే మాంగనీసు తవ్వేవారు. ఐతే అది ముఖ్యంగా ఉక్కు కర్మాగారాలకు పోయినది.) 1898లో, ఇప్పటికీ పెద్ద బేటరీ అని మనం కొనే కొలత ఏర్పడింది. 1899 జనవరి 10న, న్యూయార్కులో వున్న డేవిడ్ మిసెల్ అనే ఇంగ్లీషువాడికి గొట్టపు చేతిదీపంపై హక్కుపత్రం దొరికింది. కాన్రాడ్ హ్యూబర్ట్ అనే రష్యా వలసవాని కంపెనీ ఆ దీపాలను తయారుచేసి, కొన్నింటిని న్యూయార్కు పోలీసులకు ఊరికే ఇచ్చింది. ఎవరెడీ అన్న పేరు ఆ కంపెనీదే.

ఆ మొదటి దీపాలు ఎంత అధ్వాన్నమైనవంటే, ఏకబిగిన వెలగలేకపోయేవి. బొగ్గుతీగ బల్బు ఎక్కువ కరెంటు తాగేది, బేటరీకి అంత సత్తా లేదు. తళుక్కున మెరిపించి, కాసేపు ఆపి, మళ్లీ మెరిపించాలి. అమెరికావాళ్లు దాన్ని ఫ్లాష్‌లైటు, మెరుపుదీపం, అని పిలవడానికి కారణం ఇదే. గొప్ప చెప్పుకొనే పేరు కాదు, లోపం చెప్పే పేరు. 1910 ప్రాంతాన టంగ్‌స్టన్ తీగ బల్బు వచ్చిన తరువాతగాని అది నిలకడగా వెలగలేదు.

ఇక్కడ జిమ్ కార్బెట్ కథ చెప్పక తప్పదు. హిమాలయాల్లో గఢ్వాలు ప్రాంతంలో రుద్రప్రయాగ దగ్గర ఒక చిరుత 1918 మొదలు 1926 దాకా, సర్కారు లెక్కల ప్రకారం 125 మందిని చంపింది. చీకటిపడితే తలుపు తీసేవాడు లేడు. కార్బెట్ దాన్ని వెంబడించి, ఆఖరుకు 1926 మే నెలలో ఒక రాత్రి గులాబ్‌రాయ్ అనేచోట మామిడిచెట్టు ఎక్కి, కింద మెడకు గంట కట్టిన మేకను పెట్టి కాచుకున్నాడు. తుపాకికి బేటరీ దీపం తగిలించి వున్నది. మేక గంట మోగింది. మీట నొక్కాడు. వెలుగు సరిగ్గా చిరుత భుజంపై పడింది. తుపాకి పేల్చాడు. అంతే, దీపం ఆరిపోయింది!

గుండు తగిలినదో లేదో తెలియదు. చిరుత చచ్చిందో, దెబ్బతిని చెట్టుకిందే పొంచి వున్నదో తెలియదు. వెన్నెల వచ్చినదాకా చెట్టుమీద కూర్చున్నాడు. తెల్లవారిన తరువాత చూస్తే చచ్చిపడి వున్నది. అంత నేర్పరి ఐన వేటగాడు ఆ సంగతి తానే దాపరికం లేకుండా రాశాడు. అది అతను కొన్న మొదటి టార్చి. నెలల తరబడి మోశాడు గాని వాడలేదు. బేటరీకి ఆయుర్దాయం వుంటుందనీ, అప్పుడప్పుడు పరీక్షించాలనీ అతనికి తెలియదు. ఒక్క మసక మెరుపు మెరిసి అది చల్లారింది.

ఈ కథను నేను ఎన్నో ఊళ్లలో చెప్పాను. చెప్పిన ప్రతిచోటా ఒక మనిషైనా లేచి ఇంట్లోకి వెళ్లి తన బేటరీ నొక్కి చూసుకున్నాడు.

మన దేశానికి ఎవరెడీ సరుకు 1905 నుంచి ఓడలపై వచ్చేది. 1939లో కలకత్తాలో ఆ కంపెనీ బేటరీ కర్మాగారం పెట్టింది, 1952లో మద్రాసులో, 1958లో లక్నోలో టార్చిలకే ఒకటి. ఇత్తడి గొట్టంపై తళతళలాడే పూత వేసిన మూడు బేటరీల టార్చి అల్లుడికి కట్నంలో ఇచ్చే వస్తువయింది. అలహాబాదులో తయారైన జీప్ టార్చి కూడ అంతే పేరు తెచ్చుకున్నది. 1972లో స్థాపించిన ఇండో నేషనల్ కంపెనీ మన నెల్లూరులోనే నిప్పో బేటరీలు చేయసాగింది.

ఆ కాలపు టార్చిలో ఒక ఇంటిలెక్క వుండేది, అది పాతవాళ్లకు చేతివేళ్లమీద వుండేది. బేటరీ ఒక్కంటికి ఒకటిన్నర వోల్టులు. రెండు బేటరీల టార్చికి 2.5 వోల్టుల బల్బు, మూడు బేటరీలదానికి 3.8 వోల్టుల బల్బు. మూడింటిదానిలో రెండింటి బల్బు వేస్తే గుప్పుమని మాడిపోతుంది. రెండింటిదానిలో మూడింటి బల్బు వేస్తే మిణుగురు పురుగులాగ వెలుగుతుంది. సంతలో బల్బు కొనేటప్పుడు మెడపై అంకె చదవని రైతు మర్నాడు మళ్లీ సంతకు రావలసిందే. టార్చిలో నీరసించిన బేటరీని పారవేసేవారు కారు. ట్రాన్సిస్టరు రేడియోలో వేసేవారు. టార్చి బల్బు తాగే కరెంటులో రేడియోకు పదోవంతు చాలు గనుక, దీపానికి చచ్చిన బేటరీ రేడియోకు ఇంకా బ్రతికివుండేది. 1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వచ్చిన తరువాత ఉద్దానంలో పంటల కబుర్లు విన్నవాళ్లలో ఎంతమంది వాడేసిన టార్చి బేటరీలతో విన్నారో!

కార్బైడు పేరు గుర్తుంచుకోమన్నాను. కార్బైడు అమ్మడానికి పుట్టిన యూనియన్ కార్బైడ్ అనే అమెరికా కంపెనీ 1917లో బేటరీల కంపెనీతో కలిసిపోయింది. మన దేశంలో ఎవరెడీ తయారుచేసిన సంస్థ 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియా అని పేరు మార్చుకున్నది. గూట్లో టార్చి, పొలంలో పురుగుమందు, రెండూ ఆ ఇంటివే అయినాయి. 1984 డిసెంబరు 2 రాత్రి, తెల్లవారితే 3, భోపాలులో ఆ పురుగుమందు కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలమంది చనిపోయారు. తరువాత 1994లో బేటరీ వ్యాపారం వేరే వారి చేతికి పోయినది. ఇప్పటి ఎవరెడీ వేరే యాజమాన్యం. దీపం మీద కోపం అక్కరలేదు. పంటకు మందు కొట్టేవారికి ఆ రాత్రి సంగతి తెలిసివుండాలని చెబుతున్నాను.

ఇప్పుడు వేటమాట. వెలుగు కళ్లలో కొడితే జంతువు నిలబడిపోతుంది, అప్పుడు కొట్టడం పందెం కాదు, వధ. అందుకనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీపం వేసి వేటాడడాన్ని నిషిద్ధం చేశారు. 1991లో చట్టం సవరించి, లైసెన్సు వేటలు సైతం రద్దుచేశారు. ఈనాడు లైటు వేసుకొని కుందేలును కొట్టినా నేరమే. ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో వున్న జంతువు. పంది పంటను నాశనం చేస్తున్నా అటవీశాఖ అనుమతి లేకుండా చంపరాదు. "ఐతే మా పంట సంగతేటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నష్టానికి అర్జీ పెట్టండి, ఊరంతా కలిసి కాపలా వంతులు వేసుకోండి. కాని కంచెకు కరెంటు తీగ మాత్రం తగిలించకండి. ఆ తీగకు పంది బదులు పక్కచేను రైతు పడిపోయిన వార్తలు మన రాష్ట్రంలో ఎన్నిసార్లో చదివాము.

కనుక ఇప్పుడు మనకు కావలసింది వేటదీపం కాదు, కావలిదీపం. దాని పని జంతువును నిలబెట్టడం కాదు, మనం దానిమీదికి నడిచిపోకుండా చూడడం. ఎలుగుకు చూపు మందం, వాసన పట్టడంలో దిట్ట. పనసపండు తినడంలోనో, చెదపుట్ట తవ్వడంలోనో మునిగివున్నప్పుడు మనిషి హఠాత్తుగా దగ్గరపడితే బెదిరి మీదపడుతుంది. పిల్లలున్న తల్లిఎలుగైతే ఇక చెప్పనక్కరలేదు. 2022 జూన్‌లో మన వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడిలో ఒక రైతు ప్రాణం పోయినది. ఆ మరునాడు అదే ఎలుగు మరికొందరిని గాయపరచినది. అటవీశాఖవారు మత్తుసూది వేసి దాన్ని పట్టుకున్నారు, ఆపైన అదీ చచ్చిపోయినది. ఆ తరువాత మన పల్లెల్లో చీకటిపడ్డాక ఒంటరిగా తోటకు పోయే మగవాడు కూడ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నాడు.

ఇలాంటి తోటకు ఏ దీపం?

బల్బులన్నీ ఇప్పుడు ఎల్.ఇ.డి.లు. నీలివెలుగు ఎల్.ఇ.డి.ని 1990ల మొదట్లో సాధించిన ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆ నీలిదీపం వల్లనే తెల్లదీపం సాధ్యమైంది. బల్బు మాడిపోవడం, కిందపడితే తీగ తెగడం, ఈ రెండు బాధలూ తీరాయి. కొత్త బాధ ఒకటి వచ్చింది. అంకెల గారడీ! పట్నంలో ఒక దుకాణదారుడు నాకు వెయ్యి మీటర్లు కొడుతుందని చెప్పి ఒక లైటు అంటగట్టాడు. మా ఊరి చెరువుగట్టు మీదనుంచి కొడితే అవతలి గట్టు చింతచెట్టు కూడ కనిపించలేదు.

పెట్టెమీద మీటర్ల అంకె నిజాయితీగా వేసినప్పుడు కూడ దాని అర్థం వేరు. 2009లో అమెరికాలో ఏర్పడిన కొలత ప్రకారం, వెలుగు పావు లక్సుకు తగ్గిన చోటుదాకా దూరం లెక్కపెడతారు. పావు లక్సు అంటే ఇంచుమించు పున్నమివెన్నెల. పెట్టెమీద 200 మీటర్లని వుంటే, అక్కడ వెన్నెలంత వెలుగే పడుతుందన్నమాట. వెన్నెల్లో నల్లని ఎలుగునూ నల్లని పొదనూ పోల్చగలరా? దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. అందుచేత పెట్టెమీది అంకెలో సగమో పావో మాత్రమే నమ్మండి. 200 అన్నది 50 మీటర్లకు మంచి లైటు. తోటకాపలాకు ఆ మాత్రం చాలు. లూమెన్లు అనే అంకె మొత్తం వెలుగుది, మీటర్లు అనేది ఆ వెలుగు ఎటు పోతున్నదో చెప్పేది. లాంతరు దగ్గర చెప్పిన రెండో లెక్క ఇదే. వెడల్పుగా పోసేది దారికి, పాముకు. కూరుగా కొట్టేది దూరపు పొదకు. ముందు తిప్పితే రెండు విధాలా మారే లైటు దొరికితే మేలు, కాని తిప్పే మర వదులుగా వుంటే అందులోకి మన ఉద్దానం ఇసుక చేరుతుంది. మర గట్టిదైతేనే తీసుకోండి.

మన ఒడ్డున దీపాన్ని చంపేవి మూడున్నాయి: ఇసుక, ఉప్పుగాలి, బేటరీ కారడం. టార్చి ఆరిపోతే నూటికి తొంభైసార్లు బేటరీ చచ్చిందనే అనుకుంటాము. చాలాసార్లు చచ్చినది మీట. దుకాణంలో మీటను ఇరవైసార్లు నొక్కి చూడండి, ఒక్కసారి తడబడినా అక్కడే వదిలెయ్యండి. మెల్లగా అరచేతికి తట్టి చూడండి, రెపరెపలాడితే అదీ పనికిరాదు. మూత విప్పి రబ్బరుచుట్టు వున్నదా లేదా చూడండి. నీటిలెక్కకు పెట్టెమీద ఐ.పి.ఎక్స్. అని ఒక గుర్తు వుంటుంది. పక్కన 4 అంటే వానజల్లుకు తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఓర్చుకుంటుంది. మంచినీళ్లపేట, నువ్వలరేవు మత్స్యకారులకు 7 లేక ఆపైది కావాలి. తోటరైతుకు 4 చాలు, ఎక్కువైతే నష్టం లేదు.

ఛార్జి చేసే లిథియం బేటరీ దీపం కొనాలా, బేటరీలు మార్చేది కొనాలా? నా అభిప్రాయం అడిగితే, ఇంటికి రెండూ వుండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మండలంలో పల్లిసారథి దగ్గరే ఒడ్డు దాటింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, కరెంటు స్తంభాలు కలిసి కూలిపోయినాయి. కొన్ని ఊళ్లకు రోజులతరబడి కరెంటు లేదు. ఛార్జి దీపం ఎంత ఖరీదైనదైనా అటువంటప్పుడు రెండు మూడు రాత్రులకు చల్లారుతుంది. డబ్బాలో దాచిన నాలుగు మామూలు బేటరీలు ఆ వారం ఇంటిని నడుపుతాయి. అక్టోబరు, నవంబరు నెలలకు ముందే అవి కొని, లైటులో వేయకుండా, పొడిగా విడిగా వుంచండి. కొత్తదీ పాతదీ కలిపి వేయకండి. పాతది కొత్తదాన్ని తినేస్తుంది, ఆపైన కారుతుంది.

వాడకంలో రెండు సంగతులు. వెలుగులో కళ్లు మెరిస్తే జంతువున్నదని గుర్తుపడతాము. నక్క, పిల్లి, పశువు, ఎలుగు కళ్లు మెరుస్తాయి. పంది కళ్లు అలా మెరవవు. దాని కంటిలో వెలుగును తిప్పికొట్టే పొర లేదు. కళ్లు మెరవలేదు గనుక పంది లేదనుకొని పొదలోకి కాలు పెట్టకండి. పాము కళ్లు కూడ మెరవవు. కళ్ల మెరుపు చూడాలంటే దీపాన్ని మీ కంటి ఎత్తున, చెంపపక్కన పట్టాలి. అదే పుష్యమాసపు పొగమంచులో ఐతే చెంపదగ్గర పట్టితే మంచు తెల్లగోడలాగ ఎదురుగా నిలుస్తుంది, నడుముదగ్గరకు దించండి, దారి కనిపిస్తుంది. తోటలో అడుగుపెట్టేముందు గట్టిగా మాట్లాడుతూ, కర్ర తాటిస్తూ వెళ్లండి. ఎలుగు కనిపిస్తే దాని ముఖంపై వెలుగు ఆడించి ఆటపట్టించకండి. పరుగెత్తకుండా, దీపం ఆర్పకుండా, వెనక్కి వెనక్కి తప్పుకొని దానికి దారి విడవండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. పురుగుమందుల సమావేశాలకు ఊరికి వెళ్లినప్పుడు, రాత్రిపూట కాపలాకు పోయేవారి లైటు ఒకసారి విప్పించి చూడండి. లోపల స్ప్రింగుమీద తెల్లని బూజో పచ్చని చిలుమో కనిపిస్తుంది. గరుకుకాగితం ముక్కతో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, బేటరీలు తిరిగి వేసి నొక్కమనండి. కొత్తది కొనక్కరలేకుండానే సగం ఊరి దీపాలు వెలుగుతాయి. మిగిలిన సగం వాళ్లను నాతోపాటు సంతకు రమ్మనండి, మీట ఇరవైసార్లు నొక్కి తీసుకుందాము.